గుడికి దారి చెరువుకట్ట మీదుగా

మనిషి పోయే వేగాన్ని బట్టి అతని కంటికి లోకం కనిపిస్తుంది. కాలినడకన పోయేవానికి దారిలోని ప్రతి చెట్టూ పరిచయమవుతుంది. కాని పొద్దుగూకేలోగా అతడు చూడగలిగిన ఊళ్ళు రెండో మూడో. మోటారులో పోయేవానికి ఊళ్ళు దగ్గరవుతవి. కాని వాటి నడుమనున్న నేల అతనికి దక్కదు. ఈ రెంటికీ మధ్యస్థంగా ఒక వాహనం మన పల్లెల్లో ఏనాటినుంచో ఉన్నది. అది సైకిలు. పాతతరం ఉపాధ్యాయులకు, తంతి తపాలా ఉద్యోగులకు, పాలు పోసేవారికి అది జీవనాధారం. ఇప్పుడు ఆ సామాన్యవాహనాన్ని గూర్చి సాహిత్యపుటలో ప్రస్తావించవలసి రావడానికి కారణం, ఓరుగల్లు సీమలో కాకతీయులు విడిచిపోయిన గుళ్ళ విషయంలోను చెరువుల విషయంలోను ఇటీవలి సంవత్సరాలలో జరిగిన కొన్ని మార్పులు.

2021 జూలై 25వ తేదీన యునెస్కో ప్రపంచ వారసత్వ సంఘం తన 44వ సమావేశంలో పాలంపేటలోని రుద్రేశ్వరాలయాన్ని, అనగా మనమందరం రామప్పగుడి అని పిలుచుకొనే కట్టడాన్ని, ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చినది. భారతదేశం నుంచి ఆ జాబితాకెక్కిన వాటిలో అది 39వది, తెలుగుగడ్డపై మొట్టమొదటిది. 2022 డిసెంబరు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము అక్కడికి విచ్చేసి యాత్రిక సౌకర్యాల నిర్మాణానికి శంకుస్థాపన చేసినారు. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలకై వచ్చిన నానాదేశాల యువతులు ఆ గుడిని దర్శించినారు. ఎనిమిది వందల సంవత్సరాలుగా అడవిఅంచున ఒదిగివున్న పల్లె పేరు దేశదేశాల పత్రికలలో అచ్చయినది. ఇది తెలుగువారందరూ సంతోషించదగిన విషయం.

అయినా ఈ సంతోషంలో ఒక వెలితి ఉన్నది. వచ్చేవారిలో అధికసంఖ్యాకులు గుడి ముంగిట బండి దిగి, గంటసేపు మదనికల శిల్పాలు చూచి, ఛాయాచిత్రాలు తీసుకొని, వచ్చిన త్రోవనే మరలిపోతున్నారు. గుడికి కిలోమీటరు దూరంలో రామప్పచెరువు ఉన్నది. పది కిలోమీటర్ల దూరంలో గణపురం కోటగుళ్ళు, ఆ ఊరి చెరువు ఉన్నవి. ఆవల అడవిలో లక్నవరం, దక్షిణంగా నర్సంపేట దాటిన పిమ్మట పాకాల ఉన్నవి. ఇవన్నీ ఒకే యుగంలో ఒకే ఆలోచనతో పుట్టినవన్న సంగతి బండి అద్దంలోనుంచి చూచేవానికి తెలిసే అవకాశం తక్కువ. అతడు ఒక గుడిని చూచినాడు. ఆ గుడిని పోషించిన సీమను చూడలేదు.

ఈ విషయం యునెస్కో పత్రాలలోనే స్పష్టంగా ఉన్నది. కొండలు, అడవులు, వాగులు, చెరువులు, పంటపొలాలు కలిసిన ప్రకృతిలో ఒక భాగంగా ఆలయాన్ని నిర్మించాలన్న శాస్త్రసంప్రదాయాన్ని అనుసరించియే ఈ స్థలాన్ని ఎన్నుకొన్నారని ఆ సంస్థ తన వివరణలో పేర్కొన్నది. 2014లో మన దేశం సమర్పించిన తాత్కాలిక జాబితాలో హనుమకొండ వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోటలోని కీర్తితోరణాలు, రామప్పగుడి మూడూ కలిపి ఒక సముదాయంగా ఉండినవి. తుదకు నిలిచినది రామప్పగుడి ఒక్కటే. జాబితా నియమాలు దానికుంటవి గనుక ఆ సంస్థను తప్పుపట్టవలసిన పనిలేదు. కాని జాబితాలో గుడి ఒక్కటే మిగిలినంత మాత్రాన మన మనస్సులో కూడ గుడి ఒక్కటే మిగలడం న్యాయం కాదు.

మన పూర్వులు సప్తసంతానాలని ఏడింటిని లెక్కించినారు. పుత్రుడు, తటాకం, కావ్యం, నిధానం, దేవాలయం, వనం, అగ్రహారం. కడుపున పుట్టిన కుమారునితో సమానంగా చెరువును ఎంచిన జాతి మనది. గణపతిదేవుని పరిపాలనలో, అనగా 1199 మొదలు 1262 వరకు, ఈ భావన ఓరుగల్లు సీమలో ప్రత్యక్షరూపం దాల్చినది. ఆయన సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రుద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించినాడు. జగదాళ ముమ్మడి పాకాల చెరువును త్రవ్వించినట్లు అక్కడి శాసనం తెలుపుతున్నది. రాజు పేరిట వెలసిన గణపురంలో గుళ్ళూ చెరువూ ప్రక్కప్రక్కనే ఉన్నవి. చక్రవర్తి ఒక్కడే సమస్తం చేయలేదు. ఆయన క్రింది నాయకులు, సేనానులు, మంత్రులు ఎవరి సీమలో వారు రెండు గుట్టల నడుమ కట్టవేసి, నీరు నిలిపి, ఆ నీటిక్రింద ఊరిని, ఊరిలో గుడిని నిలిపినారు.

గుడికీ చెరువుకూ గల సంబంధం భక్తివిషయం మాత్రమే కాదు, ఆర్థికవిషయం. దేవునికిచ్చిన మాన్యాలు చెరువు ఆయకట్టులో ఉండేవి. నీరు పారితే పంట; పంట పండితే నైవేద్యం, దీపం, ఆటపాటలవారికి జీతం. చెరువు తెగితే గర్భగుడిలో దీపం కొండెక్కేది. కడపసీమలోని పోరుమామిళ్ళ చెరువుకట్టమీద 1369 నాటి శాసనమొకటి ఉన్నది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు తగిలే ఆరు దోషాలను అందులో చెక్కించినారు. ఒక నీటిపారుదల శాస్త్రగ్రంథాన్ని రాతిమీద వ్రాసి చెరువుకట్టపై నిలిపినారన్న మాట. చదువుకొన్న మనం ఆ పన్నెండింటిలో ఎన్నింటిని గుర్తుపట్టగలమో ఎవరికి వారే ప్రశ్నించుకొనవచ్చును.

1323లో ఓరుగల్లు పతనమైనది. కోట శిథిలమైనది, స్వయంభూదేవాలయం నేలమట్టమై, నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు మాత్రం మిగిలినవి. గణపురం గుళ్ళు చాలవరకు కూలినవి. కాని చెరువులు నిలిచినవి. రాజ్యం పోయినా రైతు ఉన్నాడు గనుక, ప్రతి సంవత్సరం పూడిక తీయక, కట్టకు మట్టి వేయక అతనికి గడవదు గనుక అవి నిలిచినవి. పాకాల, రామప్ప, లక్నవరం నేటికీ పొలాలు పారిస్తున్నవి. ఇటీవలి కాలంలో ఆ శ్రద్ధ సన్నగిల్లి, శిఖంభూములు ఆక్రమణల పాలై, తూములు పాడైన పిమ్మట, 2015లో తెలంగాణ ప్రభుత్వం 46 వేల పైచిలుకు చెరువుల పునరుద్ధరణకై ఒక పథకం చేపట్టి దానికి కాకతీయుల పేరే పెట్టినది. ఆ పథకం గుణదోషాల చర్చ వేరు. అన్ని వేల చెరువులు మన ఊళ్ళ ప్రక్కన ఉన్నవన్న స్పృహ దానివల్ల కొంత మేలుకొన్నదనడంలో సందేహం లేదు.

ఆ స్పృహ ప్రాణావసరమని 2023 జూలై నెల రుజువుచేసినది. రామప్పగుడి ఉన్న వెంకటాపూర్ మండలంలోనే లక్ష్మీదేవిపేట అనే ఊరున్నది. అక్కడ ఒక్క దినంలో 649.8 మిల్లీమీటర్ల వర్షం కురిసినది. రాష్ట్రంలో నమోదైన ఒక్కరోజు వర్షాలలో అంతటిది అంతకుముందు లేదు. జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తినది, జనం ఇండ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకొన్నారు, కొందరు కొట్టుకొనిపోయినారు. అంతటి వానకు ఏ కట్టా పూర్తి రక్షణ ఇవ్వలేదన్నది నిజమే. కాని ఏ చెరువు మత్తడి పోస్తే నీరు ఏ ఒర్రెలో పడుతుందో, ఆ ఒర్రె ఏ వాగులో కలుస్తుందో, ఆ వాగు ఏ ఊరి గడపకు వస్తుందో తెలిసిన ప్రజలు ముందుగా మేలుకొంటారు. ఈ సీమలో చెరువులు గొలుసుకట్టుగా ఉంటవి. పైచెరువు మత్తడి నీరు క్రిందిచెరువుకు చేరుతుంది. ఈ గొలుసును పటంలో చూచి తెలుసుకొనడం కష్టం. దానివెంట పోయి చూడవలె.

ఆ గొలుసు వెంట పోవడానికి సైకిలును మించిన సాధనం లేదు. గంటకు పన్నెండు, పదిహేను కిలోమీటర్లు తాపీగా పోవచ్చును. కట్టమీద ఇరుకుబాటలోను పోవచ్చును. దిగవలసినచోట దిగి చేతితో నడిపించుకొని పోవచ్చును. పాలంపేట కేంద్రంగా ఒక చిన్న యాత్రను ఊహించుకొందాం. మొదటిరోజు గుడి చూచి, చెరువుకట్టమీదుగా తూములు, మత్తడి చూచుకొంటూ, గణపురం పోయి, కోటగుళ్ళ ప్రాకారంలోపల ఇరవైకి పైబడిన చిన్నాపెద్దా ఆలయాల శిథిలాలు పరిశీలించి, సాయంత్రానికి తిరిగి రావచ్చును. రానుపోను ఇరవై కిలోమీటర్లకు మించదు. హైస్కూలు విద్యార్థి అవలీలగా తొక్కగల దూరం. రెండవరోజు జంగాలపల్లి మీదుగా లక్నవరం. గుట్టల నడుమ నీరు, నీటిలో దీవులు, వేలాడే వంతెన. మూడవ భాగం నర్సంపేట నుంచి పాకాల. ఓరుగల్లు నుంచి పాలంపేటకు సుమారు 70 కిలోమీటర్ల దూరాన్ని మాత్రం సైకిలుపై పొమ్మని సలహా ఇవ్వలేము. ఆ జాతీయరహదారిపై లారీల రాకపోకలు మెండు. అక్కడిదాకా బస్సులో వచ్చి, ఊరిలోనే సైకిలు అద్దెకు తీసుకొనే ఏర్పాటు ఉండవలె.

ఇది గాలిమేడ కాదనడానికి ఇతర దేశాల దృష్టాంతాలున్నవి. సింహళంలో పొలొన్నరువ అనే ప్రాచీన రాజధాని ఉన్నది. 12వ శతాబ్దంలో పరాక్రమబాహు అక్కడ సముద్రమని పేరుపెట్టదగినంత చెరువు నిర్మించినాడు. నేడు ఆ శిథిలాలను చూడవచ్చే విదేశీయులలో అనేకులు ఊరిలో సైకిలు అద్దెకు తీసుకొని, చెరువుగట్టు వెంబడి ఒక శిథిలం నుంచి మరొకదానికి పోతారు. మన హంపిలోను ఈ పద్ధతి కొంత ఉన్నది. చెరువు, గుడి, కోట ఒకేచోట ఉన్న సీమకు ఈ వాహనం ఎంత చక్కగా అమరుతుందో ఈ రెండు స్థలాలు చూపుతున్నవి.

బెల్జియం దేశపు లింబర్గు సీమ కథ మరింత ఆలోచించదగినది. అది బొగ్గుగనుల ప్రాంతం. గనులు మూతపడిన తరువాత బ్రతుకుతెరువు మార్గాలు వెదుక్కొనే కాలంలో, గని ఇంజనీరయిన హ్యూగో బొల్లెన్ అనే ఆయన ఒక ఉపాయం చెప్పినాడు. గనిలో సొరంగాలు కలిసే కూడళ్ళకు అంకెలు వేస్తారు గదా! అట్లే పల్లెదారులు కలిసే కూడళ్ళకు అంకెలు వేద్దామన్నాడు. 1995లో అది అమలైనది. ప్రతి కూడలిలో ఆ కూడలి అంకె, అక్కడినుంచి చేరగల తర్వాతి కూడళ్ళ అంకెలు, బాణపు గుర్తులు ఉంటవి. యాత్రికుడు ఐదారు అంకెలు కాగితంపై వ్రాసుకొని బయలుదేరుతాడు. దారి అడగనవసరం లేదు, తప్పే భయం లేదు. ఆ పద్ధతి పొరుగుదేశాలకు వ్యాపించినది. 2016లో అదే సీమలోని బొక్రిక్‌లో ఒక చెరువు నడుమగా, నీటిమట్టం తొక్కేవాని కంటికి సమానంగా ఉండేటట్లు, రెండు వందల మీటర్ల పైచిలుకు సైకిలు బాట కూడ వేసినారు.

మన భూపాలపల్లి కూడ బొగ్గుగనుల పట్టణమే. గణపురం దాని ప్రక్కనే ఉన్నది. గనిలో అంకెల అర్థం ఎరిగిన కార్మికులు ఆ ప్రాంతంలో వేలసంఖ్యలో ఉన్నారు. లింబర్గులో చేసిన పనికి పెద్ద మూలధనం అవసరం కాలేదు. ఉన్న దారులకే అంకెలు వేసి, గుర్తులు నాటి, అవసరమైనచోట బాగుచేసినారు. మన పాలంపేటలో, గణపురంలో, గోవిందరావుపేటలో ఉన్న పల్లెదారులకు ఆ పాటి పని చేయడం అసాధ్యమని ఎవరూ అనలేరు. జాతీయరహదారిని కొంతదూరం తప్పక అనుసరించవలసిన చోట మాత్రం అంచున వేరుబాట వేయక తప్పదు.

దీనికి ఆక్షేపణలు రాకపోవు. మొదటిది: ఈ రోజులలో సైకిలు ఎవరు తొక్కుతున్నారని. 2023లో హైదరాబాదు వలయరహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాటను, పైన సౌరఫలకాల కప్పుతో, ప్రారంభించినారు. నగరంలో వ్యాయామానికి సైకిలు మళ్ళీ గౌరవం పొందినది. పల్లెలో దాని ప్రయోజనం ఇంకా పెద్దది. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళు ఇచ్చే పథకం ఆరంభించినది. దాని ఫలితాలపై కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ 2017లో ప్రకటించిన పరిశోధన ప్రకారం ఉన్నతపాఠశాలలో బాలికల చేరిక 32 శాతం పెరిగినది. బడి మూడు కిలోమీటర్లకు మించి ఉన్న గ్రామాలలోనే ఈ మేలు ఎక్కువగా కనిపించినది. కనుక సైకిలు బాట పర్యాటకుల విలాసం కోసమని అనుకొనరాదు. దానిమీద ప్రథమాధికారం బడికిపోయే పిల్లలది. వారికి క్షేమమైన దారి యాత్రికునికీ క్షేమమే.

రెండవ ఆక్షేపణ ఎండ. ఈ సీమలో వేసవిలో సైకిలు యాత్ర తగదు, నిజమే. వానలు వెనుకబట్టి చెరువులు నిండివుండే కార్తీకం మొదలు మాఘమాసం వరకు కాలం అనుకూలం. మూడవది అడవి. పాకాల పరిసరాలు 1952 నుంచి అభయారణ్యం. అక్కడ పగటిపూట, అటవీశాఖ అనుమతించిన దారిలోనే పోవలె. నాలుగవది అన్నింటికంటె ముఖ్యం: బాట పేరిట చెరువుకట్టను చెరుపరాదు. కట్టపై సిమెంటు పరచి, దుకాణాలు వెలయించి, మోటారుబండ్లను ఎక్కిస్తే చెరువుకు ఏడవ దోషం మనం తెచ్చిపెట్టినవారమవుతాం. ఎర్రమట్టి బాట చాలును. భారీబండ్లు ఎక్కకుండ రెండు రాతిస్తంభాలు పాతితే చాలును. సైకిలు బాగుచేసేవానికి, టీకొట్టువానికి, ఇంట బస ఇచ్చే గృహస్థుకు కట్టక్రింది ఊరిలోనే జీవనం దొరకవలె.

ఈ దారివెంట చరిత్ర చెప్పేటప్పుడు ఒక పక్షమే చెప్పరాదు. లక్నవరానికి ఆవల అడవిలో మేడారం ఉన్నది. కరవుకాలంలో కప్పం కట్టలేకపోయిన కోయదొరలపై కాకతీయ సైన్యం దండెత్తగా సమ్మక్క, సారలమ్మ, జంపన్న పోరాడినారని అక్కడి ఐతిహ్యం. రెండేళ్ళకొకసారి లక్షలాది జనం జంపన్నవాగులో స్నానమాడి ఆ తల్లులను కొలుస్తున్నారు. ఒకే రాజవంశం ఒకచోట చెరువు త్రవ్వించిన పుణ్యానికి, మరొకచోట కరవులో కప్పమడిగిన కాఠిన్యానికి జ్ఞాపకమై నిలిచినది. శాసనం ఒకటి చెబుతుంది. జాతర మరొకటి చెబుతుంది. విద్యార్థి రెండూ వినవలె. రెండు ఊళ్ళ నడుమనున్న దారిని తన కాళ్ళతో తొక్కినవానికి ఆ రెండు కథలు ఒకే నేలవని స్ఫురిస్తుంది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. ప్రభుత్వం బాట వేసేదాకా ఆగవలసిన పనిలేదు. ప్రతి పాఠశాల తన చుట్టూ పది కిలోమీటర్ల పటం తానే తయారుచేసుకొనవచ్చును. ఒక ఆదివారం ఉదయం, పెద్దవిద్యార్థులు పదిమంది, తల్లిదండ్రుల అనుమతితో, ఒక ఉపాధ్యాయునివెంట సైకిళ్ళపై బయలుదేరి ఊరిచెరువు కట్ట పొడవు కొలిచి, తూములెన్నో లెక్కించి, మత్తడి నీరు ఎటు పోతుందో గుర్తించి, పొలంగట్టున పడివున్న శాసనపురాళ్ళు, వీరగల్లులు ఎక్కడున్నవో పటంలో గుర్తుపెట్టవలె. కట్టపై ఈత సరదాలకు తావివ్వరాదు, తూములోకి దిగరాదు. గణితం, భూగోళం, చరిత్ర మూడూ ఆ ఒక్క ఉదయంలో పాఠాలవుతవి.

తెలుగు పాఠమూ అక్కడే ఉన్నది. కోస్తాలో అలుగు అనేదానిని ఓరుగల్లువారు మత్తడి అంటారు, రాయలసీమవారు మరవ అంటారు. చెరువునీటిని పొలాలకు పంచే నీరటి అనే ఉద్యోగి ఉండేవాడు. శిఖం, తూము, ఒర్రె, కుంట, ఆయకట్టు, ఇవి నిఘంటువులో ఉన్నవి. కాని వీటిని నిఘంటువులో వెదికే తరం వచ్చిందంటే ఆ వస్తువులు కంటికి దూరమైనవన్న మాట. మాటను పాఠం చెప్పి నిలపలేము. వస్తువును చూపితే మాట తనంతట తానే నిలుస్తుంది. ముసలి రైతును నిలబెట్టి ఇదేమిటి, అదేమిటి అని అడిగి వ్రాసుకొన్న విద్యార్థి ఏ ఆచార్యునికీ దొరకని పదసంపద మూటగట్టుకొని వస్తాడు.

రామప్పగుడి ప్రపంచానిదైనది, సంతోషం. ఆ గుడిని పోషించిన చెరువు ఆ ఊరివారిదే. దాని బాగోగులు చూడవలసినది వారు, మనము. ఏటా కట్టను చూచేవారు, ఏటా మత్తడి దారిని పరిశీలించేవారు ఉన్నచోట ఆక్రమణ జరిగితే అడిగే నోరుంటుంది, కట్టకు బుంగపడితే చెప్పే మనిషి ఉంటాడు. పాలంపేట నుంచి గణపురందాకా పది కిలోమీటర్ల మట్టిబాటకు అంకెలు వేసి, గుర్తులు నాటి, ఆ ఊళ్ళ బడిపిల్లలను మొదట దానిమీద నడిపించే పని జిల్లా అధికారులు చేపట్టవలె. రాబోయే కార్తీకానికి చెరువులు నిండివుంటవి. ఆ పని అప్పటికి పూర్తికావడం కోరదగినది.